పిత్తనాళంలో మొండి రాయి: పొట్ట కోత నుంచి లేజర్ దాకా

గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయంటే మనవాళ్లు పెద్దగా భయపడరు. అదే రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే పేగులోకి వెళ్లాల్సిన పైత్యరసం ఆగిపోతుంది. కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, ఆపైన చలిజ్వరం. కామెర్లనగానే పసరు మందుకు పరిగెత్తే అలవాటు ఇంకా పోలేదు. నాళానికి అడ్డుపడ్డ రాయిని ఏ పసరూ కదిలించలేదు, విలువైన రోజులు పోవడం తప్ప.

1890లో స్విట్జర్లాండ్ సర్జన్ కూర్వాజియే నాళం కోసి రాయి తీశాడు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా పొట్ట కోయడమే దారి. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపాన్‌లో కవాయ్ బృందం, నోటిగుండా ఎండోస్కోప్ (లోపలికి చూపే సన్నని గొట్టం) పంపి నాళం ముఖద్వారపు కండరాన్ని కరెంటు తీగతో కోశారు. ఇప్పుడు ఈఆర్‌సీపీ అంటున్న చికిత్సకు అదే పునాది.

చిన్న రాళ్లకు ఆ గాటు చాలు. ఒకటిన్నర సెంటీమీటరు దాటినవి, ఇరుకు నాళంలో బిగుసుకున్నవి అందులోంచి రావు. ఎండోస్కోప్ గుండా పంపిన తీగల బుట్ట రాయిని పట్టుకుంటుంది; బయటికి లాగితే రాదు, వదిలేద్దామంటే వదలదు. డాక్టరుకు అంతకంటే టెన్షన్ ఉండదు. అప్పుడు బుట్ట పిడి కత్తిరించి, ఆ తీగ మీదుగా లోహపు గొట్టం ఎక్కించి, బయట మర తిప్పుతూ బిగిస్తారు. లోపల రాయి పగులుతుంది. 1980ల మొదట్లో వచ్చిన ఈ రాయి నలగ్గొట్టే పద్ధతి ఎందరికో ఆపరేషన్ తప్పించింది.

2003లో టర్కీ డాక్టర్లు గాటు పెట్టి, పెద్ద బెలూన్‌తో ముఖద్వారాన్ని వెడల్పు చేసి చూపారు. నాళంలోకే దూరే సన్నని కెమెరాలు మెరుగుపడ్డాక రాయిని కళ్లారా చూస్తూ లేజర్‌తో పొడి చేయడం తేలికైంది. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఈ విద్య నేర్చుకోవడానికి విదేశాల డాక్టర్లూ వస్తారు. మనకది గర్వకారణమే.

ఇన్ని ఉన్నా ఒక్క విడతలో రాయి రాకపోతే నాళంలో ప్లాస్టిక్ స్టెంట్ (సన్నని గొట్టం) పెట్టి పంపిస్తారు. పైత్యరసం పారుతుంది, కామెర్లు తగ్గుతాయి, మనిషి తేరుకుంటాడు. అక్కడే చాలామంది ఆగిపోతారు. డిశ్చార్జి కాగితం బీరువాలోకి వెళుతుంది, మళ్లీ రమ్మన్న తేదీ దాంతోపాటే. స్టెంట్ మాత్రం మూడు నెలలు దాటితే మడ్డి పేరుకుని పూడుకుపోతుంటుంది. మళ్లీ చలిజ్వరం, మళ్లీ పచ్చబడ్డ కళ్లు, రాయి ఉన్నచోటే ఉంటుంది.