తాగే నీళ్లు చేపకెందుకు పడలేదు?

చిట్టీ, బాబీ,

మీ ఉత్తరం అందింది. "మనం తాగే ఆర్వో నీళ్లే కదా తాతయ్యా తొట్టి నిండా పోశాం, మరి గోల్డ్‌ఫిష్ అడుగున కదలకుండా ఎందుకు పడుకుంది?" అని అడిగారు. ప్రేమతో చేసిన పనే, బాధపడకండి.

మా ఇంట్లో వడ్ల గాదె ఉండేది. ఆషాఢం వచ్చేసరికి వడ్లు అడుక్కి దిగిపోయి పెద్దవాళ్ల చేతికి అందేవి కావు. అందరిలో చిన్నవాణ్నని నన్ను చంకలు పట్టుకుని లోపలికి దింపేవారు. చీకటి, దుమ్ము, వడ్ల వాసన. తట్టకెత్తి పైకి అందించేవాణ్ని. బయటి నుంచి చూస్తే మాత్రం గాదె సంక్రాంతినాడు ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉండేది.

మీ బోరు నీళ్లలోనూ అలాంటి గాదె ఉంది. కుళాయి మూతికి తెల్లగా పొర కడుతుందే, ఆ సున్నమే. చేప వదిలిన అమ్మోనియాను కంటికి కనబడని బాక్టీరియా తినేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ పులుపును ఆ సున్నంలోని కార్బొనేట్లు విరిచేస్తాయి. రోజూ కొంత ఖర్చవుతుంది. గాదెలో గింజ ఉన్నన్నాళ్లూ పీహెచ్, అంటే నీళ్ల పులుపును చెప్పే అంకె, నిలకడగా ఉంటుంది. అది తగ్గితే పులుపు పెరిగినట్టు. అయిపోయాక దబ్బున పడిపోతుంది. 7 నుంచి 6కి పడితే పులుపు పదింతలైనట్టు. ఆర్వో మిషను ఆ గాదెను ముందే ఊడ్చేసి నీళ్లిస్తుంది.

అందుకే నీళ్లు పరీక్షించే స్ట్రిప్పు ముంచి పీహెచ్ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఈ పూట అన్నం వండారని అది చెబుతుంది, అంతే. పక్కనే కేహెచ్ అనే గడి ఉంటుంది, కార్బొనేట్లు ఎంత ఉన్నాయో చెప్పేది. గాదెలోకి దిగి చూడడమంటే అది. అది 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో నూరు) పైన ఉంటే దిగులు లేదు.

కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులు పొద్దున్నా సాయంత్రమూ పీహెచ్ చూస్తారు. పచ్చని నాచు ఎండలో, నీళ్లకు పులుపునిచ్చే కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పెరిగి, తెల్లవారుజాముకు తగ్గుతుంది. గాదె నిండుగా ఉన్న చెరువులో ఈ ఊగిసలాట తక్కువ. వాళ్లు లెక్క చూసుకుని సున్నం చల్లుతారు. ఇది చదివి మీరు నానమ్మ తమలపాకుల డబ్బాలోని సున్నం తొట్టిలో వేయకండి! పీహెచ్ ఒక్కసారిగా ఎగిరితే చేప తట్టుకోలేదు.

నాలుగో వంతు నీళ్లు తీసి, అంతే బోరు నీళ్లు మెల్లగా పోయండి. రెండు రోజులాగి మళ్లీ అంతే. చేప ఒంటికి అలవాటు కావాలి. జబ్బు పడిన మనిషికి మొదటిరోజే విందు పెట్టం కదా.

ఈలోగా ఒక పని చేయండి. నిమ్మచెక్క తీసుకుని కుళాయి మీది తెల్లపొర మీద నాలుగు చుక్కలు పిండి, కళ్లు దగ్గరగా పెట్టి చూడండి. సన్నని బుడగలు లేస్తాయి. మీ తొట్టిలో రాత్రీ పగలూ జరిగేది అదే, బుడగలు మాత్రం కనబడవు. ఏం చూశారో నాకు రాయండి.

మీ తాతయ్య