సెమిస్టర్ అయిపోయింది, మేడమ్ ఖాళీనేగా? కొన్ని డిసెంబర్ అపోహలు, వాస్తవాలు

మొన్న ల్యాబ్ ఎక్స్‌టర్నల్ అయిపోయి రికార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి ఇంటికొచ్చానో లేదో మా ఆడపడుచు ఫోన్. "ఇంకేం వదినా, సెమిస్టర్ అయిపోయిందిగా, క్రిస్మస్ దాకా ఖాళీనేగా, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్" అని. పన్నెండేళ్ళ నుంచి గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ చెప్తున్నా, ప్రతి డిసెంబర్‌లో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. విని విని ఇదిగో ఇలా రాసేస్తున్నా.

అపోహ: క్లాసులు అయిపోతే టీచర్‌కి సెలవులే, అందులో క్రిస్టియన్ అయితే నెలంతా సెలవులే

వాస్తవం: క్లాసులు అయిపోయాకే అసలు పని. ఇన్విజిలేషన్, వాల్యుయేషన్, అటెండెన్స్ లెక్కలు (75 శాతం లేనివాళ్ళ మెడికల్ సర్టిఫికెట్లు, 65 కూడా లేనివాళ్ళ అమ్మానాన్నలు), వచ్చే సెమిస్టర్ లెసన్ ప్లాన్. సెలవుల సంగతంటారా, మన ఏపీలో జనరల్ హాలిడే 25 ఒక్కరోజే, 24, 26 ఆప్షనల్ లిస్టులో ఉంటాయి. తెలంగాణలో 26 కూడా ఇస్తారు, మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో టీచర్, ఏటా ఆ ఒక్కరోజు గురించి నన్ను ఊరిస్తుంది. వారం పైన సెలవులుండేది మిషనరీ స్కూళ్ళకి, వాళ్ళకి ఆ మేరకు వేరే పండగల సెలవులు తగ్గుతాయి, అది ఎవరూ చెప్పరు. పోయినేడు 24 రాత్రి చర్చి నుంచి వచ్చి పడుకునేసరికి రెండున్నర, 26 పొద్దున తొమ్మిదికల్లా ఎగ్జామ్ హాల్లో ఉన్నా.

అపోహ: ఇంటర్నల్స్ మేడమ్ చేతిలోనే ఉంటాయి, వేసేస్తే పిల్లాడు పాసైపోతాడు

ఇది పేరెంట్స్ మాట. పాపం ఒకాయన ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చి మరీ అడిగాడు. మా రెగ్యులేషన్‌లో ఇంటర్నల్ (కాలేజీలో వేసే మార్కులు) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 70. ఇంటర్నల్ కోసం సెమిస్టర్‌లో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ, అంటే ఒకదాంట్లో 24, ఇంకోదాంట్లో 14 వస్తే 19.2కి 2.8 కలిపి 22. నేను చేసేదేం లేదు, కూడికే. సరే నేనే మంచి మనసుతో 30కి 30 వేశాననుకోండి, ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 దాకా రాకపోతే అప్పుడూ ఫెయిలే. ఇదంతా ఆయనకి కాగితం మీద వేసి చూపించా, చూసి "మా వాడు ఇవేమీ చెప్పలేదమ్మా, మీరే వెయ్యట్లేదన్నాడు" అన్నాడు.

అపోహ: ఇప్పుడు అసైన్‌మెంట్లన్నీ ఏఐతోనే రాస్తున్నారు, అది పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉందిగా, అందులో వేస్తే తెలిసిపోద్ది

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే ఈ సెమిస్టర్‌లో నేనే తప్పు చేశా.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లాడు, క్లాసులో నోరు విప్పడు. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇచ్చాడు, మట్టిలో తేమ చూసి మోటార్ ఆన్ చేసే సర్క్యూట్. ఇంగ్లీష్ చూస్తే శుభ్రంగా, టెక్స్ట్‌బుక్ లాగా ఉంది. నాకు డౌటొచ్చి ఒక ఫ్రీ డిటెక్టర్‌లో పేస్ట్ చేశా, ఏఐ రాసిందని పేజీ అంతా ఎర్రగా చూపించింది. పిలిచి ఇద్దరు ముగ్గురి ముందే గట్టిగా అన్నాను. వాడేం మాట్లాడలేదు, వెళ్ళి హాస్టల్ నుంచి లాంగ్ నోట్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీష్, కొట్టివేతలు, మళ్ళీ రాసినవి, అలా నలభై పేజీలు. సరే అని ప్రాజెక్ట్ గురించి అడిగితే, "తేమ సరిగ్గా మనం పెట్టిన లెవెల్ దగ్గరుంటే రిలే టకటకా కొట్టుకుంటోంది మేడమ్, మోటార్ పాడైపోద్దని ఆన్‌కి ఒక లెవెల్, ఆఫ్‌కి ఇంకో లెవెల్ పెట్టా, మా మిరప చేలో నాన్న చూసి బాగుందన్నాడు" అన్నాడు. దాన్ని హిస్టెరిసిస్ అంటారని వాడికి తెలీదు, నేను బోర్డు మీద నాలుగేళ్ళుగా చెప్తున్న పాఠం వాడు చేలో నిలబడి సొంతంగా కనుక్కున్నాడు. ఆ రోజు రాత్రి అన్నం సయించలేదు నాకు. మర్నాడు అదే ముగ్గురి ముందు సారీ చెప్పా.

వాస్తవం ఏంటంటే, చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది, దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ వాళ్ళే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చి, సరిగ్గా పనిచెయ్యట్లేదని జులైలో తీసేశారు. వాళ్ళ సొంత టెస్ట్‌లోనే ఏఐ రాసినవాటిలో అది పట్టుకుంది 26 శాతం, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు డిటెక్టర్లకి టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్షలో రాసిన వ్యాసాలు ఇచ్చి చూస్తే, సగటున సగం పైన ఏఐ రాసిందని చెప్పాయి, అవన్నీ ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు సొంతంగా రాసినవి. నేర్చుకున్న ఇంగ్లీష్‌లో మాటలు తక్కువ, వాక్యాలు ఒకే పోకడగా ఉంటాయి, మెషీన్‌కి అదే అనుమానం. అంటే దెబ్బ తగిలేది మన తెలుగు మీడియం పిల్లలకే. ఇంకో రిపోర్ట్ డిటెక్టర్‌లో పచ్చగా పాసైంది, బైండింగ్ కూడా బంగారు అక్షరాలతో, ఈ రెసిస్టర్ ఎందుకు పెట్టావమ్మా అంటే ఆ అమ్మాయి ఫ్రెండ్ వంక చూసింది. ఇప్పుడు అందరికీ తలా పది నిమిషాలు వైవా, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో ప్రశ్నలడిగే పరీక్ష పెడుతున్నా, 62 మంది, లెక్క మీరే వేసుకోండి, టెక్నాలజీ వచ్చి టీచర్ పని తగ్గించిందనేవాళ్ళు కూడా వేసుకోండి.

అపోహ: వీడియో చూస్తే ఏదైనా వచ్చేస్తుంది

దీనికి నా దగ్గర ల్యాబ్ ఉదాహరణలు చాలా ఉన్నాయి కానీ అరిసెల సంగతి చెప్తా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఈసారి క్రిస్మస్‌కి నేనే చేస్తానని యూట్యూబ్ నాలుగుసార్లు చూసి మొదలుపెట్టా. బియ్యం నానబెట్టాలన్నారు, పెట్టా, పిండి ఆరిపోకూడదన్నారు గానీ ఎంత తడో వీడియోలో కనపడదుగా. పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టింది, చాలనుకున్నా. మొదటి వాయి నూనెలో విచ్చిపోయింది. పాకం ఇంకాస్త రానిచ్చి చేస్తే రెండోది మా బాబు పంటి కింద చిప్పలా పలికింది. అమ్మ మంచం మీద నుంచే "ఉండని పళ్ళేనికేసి కొట్టావా, శబ్దం విన్నావా" అంది. వినలేదు. మా పిల్లలు కూడా ఇంతే, సోల్డరింగ్ వీడియో చూసొచ్చి ఐరన్‌తో ముందు సీసం కరిగిస్తారు, పిన్ను వేడెక్కలేదు కదరా అంటే అప్పుడు చూస్తారు.

అపోహ: ఫోన్లొచ్చాక ఇళ్ళల్లో పండగ పోయింది

పూర్తిగా అబద్ధం అననులే, వెదురు బద్దలు చీల్చి రంగు కాగితాలు మైదా జిగురుతో అంటించి నక్షత్రం కట్టిన తాతయ్య లేడు, ఇప్పుడు ఎల్ఈడీ స్టార్ కొనుక్కొస్తున్నాం. ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్ రౌండ్స్‌కి కంజీర బదులు బ్లూటూత్ స్పీకర్ వస్తోంది, అది నాకు అస్సలు నచ్చదు. కానీ ఫోన్‌కీ క్రిస్మస్‌కీ పాత చుట్టరికమే, ప్రపంచంలో మొదటి ఎస్ఎంఎస్ 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో వెళ్ళింది, నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీర్ కంప్యూటర్ నుంచి వోడాఫోన్ ఆఫీసర్‌కి పంపాడు, అందులో ఉన్నది మెర్రీ క్రిస్మస్ అన్న రెండు మాటలే. జీఎస్ఎం (మొబైల్ నెట్‌వర్క్) పాఠంలో ఇది చెప్తే వెనక బెంచీ కూడా తల ఎత్తుద్ది.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, పదకొండున్నర గంటలు తేడా. ఇక్కడ అర్ధరాత్రి ఆరాధన మొదలయ్యేసరికి వాడికి 24 మధ్యాహ్నం పన్నెండున్నర, ఆఫీస్ కార్‌పార్కింగ్‌లో కూర్చుని వీడియో కాల్‌లో పాటలు వింటాడు, అమ్మ ఫోన్‌ని చర్చి నక్షత్రం వైపు తిప్పి పట్టుకుంటది, వాడికి అమ్మ చెవి తప్ప ఏం కనపడదు, అయినా కట్ చెయ్యడు. ఇంకోపక్క మా పాప, "నువ్వు క్రిస్మస్ రోజు కూడా స్టూడెంట్స్ గ్రూపే చూస్తావ్ మమ్మీ" అంటది, అదీ నిజమే.

పోయినేడు 25న ఆ గ్రూప్‌లో ఒకటే బొమ్మ, గంటలూ మంచూ ఉన్నది, పదిహేడుసార్లు వచ్చింది. బొమ్మ లేకుండా విడిగా వచ్చిన మెసేజ్ ఒక్కటే: "హ్యాపీ క్రిస్మస్ మేడమ్, మా అమ్మ కూడా చెప్పమంది. రీవాల్యుయేషన్‌కి లాస్ట్ డేట్ ఎప్పుడు మేడమ్?"