మౌస్ కింద చేతిగడియారం

గుంటూరు బ్రాడీపేటలో మా కింద వాటాలో ఉండే అమ్మాయి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. మొన్న వాళ్ళింటికి వెళ్తే, బల్ల మీద వాళ్ళ నాన్నగారి చేతిగడియారం వెల్లకిలా పెట్టి ఉంది. దాని మీద మౌస్. సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ సెన్సర్ అదేదో కదలిక అనుకుంటుంది, తెర మీద బాణం కాస్త జరుగుతుంది. "ఏమ్మా ఇది?" అన్నాను. "అన్నం తినొచ్చేలోపు పచ్చ చుక్క పసుపైపోతుంది బాబాయ్ గారూ" అంది. ఆఫీసు వాళ్ళు మాట్లాడుకునే టీమ్స్ యాప్‌లో 5 నిమిషాలు ఏదీ ముట్టకపోతే మనిషి సీట్లో లేనట్టు చూపిస్తుంది మరి.

నవ్వొచ్చింది గానీ, 2008 ప్రాంతంలో విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపినప్పుడు నేనూ ఇదే పని చేయించాను. కాకపోతే గడియారంతో కాదు, కుర్రాడితో. బీఎస్ఎన్ఎల్ ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా డౌన్‌లోడ్ ఉచితం. పెద్ద ఫైళ్ళన్నీ అప్పుడే పెట్టేవాళ్ళం. తీరా పొద్దున్నే షట్టర్ తీస్తే సిస్టమ్ స్లీప్‌లో ఉండేది, ఫైలు సగంలో. షాపులోనే పడుకునే కుర్రాడు అలారం పెట్టుకుని, మధ్యమధ్యలో లేచి మౌస్ కదిపి మళ్ళీ పడుకునేవాడు. సెట్టింగ్స్‌లో 'నెవర్' అని పెడితే సరిపోయేదని తరవాత తెలిసింది. ఆ సంగతి వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

కంప్యూటర్‌కి ఈ నిద్ర జబ్బు మూడు పాయలుగా వచ్చింది. మొదటి పాయ చూడాలంటే పాత బొద్దు మానిటర్ల దగ్గరికి వెళ్ళాలి. గాజు తెర లోపలివైపు పూసిన, వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత మీద ఒకే బొమ్మ గంటల తరబడి నిలబడితే దాని మచ్చ శాశ్వతంగా ఉండిపోయేది. అందుకు విరుగుడుగా జాన్ సోచా 1983లో ఐబీఎం పీసీ కోసం స్క్రన్‌సేవ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మూడు నిమిషాలు ఎవరూ ఏమీ నొక్కకపోతే తెర నల్లబడుతుంది, అంతే. ఆ మూడు నిమిషాలు చాలవనుకుంటే కోడ్ మార్చి ప్రోగ్రామ్‌ని మళ్ళీ తయారు (కంపైల్) చేసుకోవాల్సిందే. 1989లో ఆఫ్టర్ డార్క్ వచ్చాక స్క్రీన్‌సేవర్ వినోదం కూడా అయింది. రెక్కలు కట్టుకుని ఎగిరే టోస్టర్లు అందులోవే.

రెండో పాయ కరెంటుది. 1992లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ, కరెంటు తక్కువ తినే వస్తువులకు ఎనర్జీ స్టార్ ముద్ర మొదలుపెట్టింది. ముందుగా ఆ ముద్ర పడినవి కంప్యూటర్లూ మానిటర్లే. మరుసటేడు వచ్చిన డీపీఎంఎస్ పద్ధతిలో, కంప్యూటర్ నుంచి మానిటర్‌కి వెళ్ళే సింక్ సిగ్నల్ ఆగిపోతే మానిటర్ తనంతట తనే పడుకుంటుంది. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి, కరెంటు పొదుపును ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చే ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. ఇక నిద్ర మెషిన్ మొత్తానికీ పాకింది. ఎస్3 అనే నిద్రలో ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతుంది, ప్రాసెసర్ ఆగిపోతుంది. మా డౌన్‌లోడ్ ఆగింది అక్కడే.

మూడోది తాళం. దీని దారి వేరు. 1992 నాటి విండోస్ 3.1లోనే స్క్రీన్‌సేవర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుండేది. ఎల్‌సీడీ తెరలొచ్చి మచ్చల భయం చాలావరకు పోయినా స్క్రీన్‌సేవర్ గడువు మాత్రం పోలేదు. తాళం దాని మీద వాలింది కదా. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ అయితే, 15 నిమిషాలకు మించి ఖాళీగా ఉంటే మళ్ళీ లాగిన్ అవ్వాలనే అంటుంది.

ప్రోగ్రామ్ రాసి కంప్యూటర్‌ని మేలుకొలిపి ఉంచాలనుకునేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. విండోస్‌లో దీనికి మర్యాదైన దారి ఉంది: సెట్‌థ్రెడ్‌ఎగ్జిక్యూషన్‌స్టేట్ అనే ఫంక్షన్. నాకు సిస్టమ్ కావాలి, లేదా తెర కూడా కావాలి అని ప్రోగ్రామే అడుగుతుంది. కంటిన్యువస్ అనే గుర్తు జత చేస్తే, వద్దనేదాకా ఆ కోరిక నిలబడుతుంది. లేకపోతే టైమర్ ఒక్కసారి మొదటికొచ్చి మళ్ళీ లెక్క మొదలవుతుంది. సినిమా ప్లేయర్‌కి రెండూ కావాలి, డౌన్‌లోడ్‌కి సిస్టమ్ ఒక్కటే చాలు, తెర ఆరిపోయినా నష్టం లేదు. మా సెంటర్‌లో వాడిన బ్రౌజర్‌కి ఆ అడగడమే చేతకాలేదు. ఇదే పనికి మ్యాక్‌లో 2012 నుంచి కెఫినేట్ అనే ఆదేశం ఉంది, పేరు పెట్టినవాడికి కాఫీ రుచి తెలుసు. లినక్స్‌లో సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ ఉంది. వెబ్ పేజీలు తెర ఆరిపోకుండా చూసుకోవడానికి క్రోమ్‌లో 2020లో వేక్ లాక్ వచ్చింది. అంతకు ముందు కంటికి కనపడని చిన్న వీడియోని తిప్పుతూ మోసం చేసేవాళ్ళు.

అయితే ఆ విండోస్ ఫంక్షన్ స్క్రీన్‌సేవర్‌ని ఆపదని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది. అది కరెంటు పాయకి చెందింది, తాళం ఇంకో పాయది. కోడ్ సరిగ్గా రాసినా తెర లాక్ అయిపోతుంటే తల పట్టుకునేది ఇందుకే. పచ్చ చుక్కకైతే ఈ కోరికతో పనే లేదు, అది చూసేది వేళ్ళ కదలికనే.

అలా జనం దొంగ దారికి మళ్ళారు. మామూలు కీబోర్డుల మీద ఎఫ్12తో వరస అయిపోతుంది గానీ విండోస్‌కి ఎఫ్15 కూడా తెలుసు. కెఫీన్ అనే చిన్న ప్రోగ్రామ్ 59 సెకన్లకోసారి ఆ లేని మీటను నొక్కినట్టు నటిస్తుంది. అక్షరం పడదు, మనిషి ఉన్నాడని మాత్రం సిస్టమ్ నమ్ముతుంది. మౌస్‌ని కదిపే జిగ్లర్లదీ ఇదే వరస. పట్టుబడితే మాత్రం ఖరీదే: 2024లో అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో, కీబోర్డు మీద పనిచేస్తున్నట్టు నటించారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. చేతిగడియారానికి సాఫ్ట్‌వేర్ ఆనవాలు ఉండదు, మా కింద వాటా అమ్మాయి ధైర్యం అదే.

నా తిప్పలు ఇప్పుడు తిరగబడ్డాయి. పడుకోమన్నా మా ఇంటి సిస్టమ్ రాత్రంతా పడుకోవడం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్' కొడితే మెషిన్‌ని ఎవరు మేలుకొలిపి ఉంచారో పేరుతో సహా చెబుతుంది. కొట్టాను. ఆడియో డ్రైవర్ అని వచ్చింది. వెతికితే, మా ఆవిడ సాయంత్రం పెట్టిన సుప్రభాతం ఏదో ట్యాబ్‌లో సౌండ్ తగ్గించి ఇంకా తిరుగుతోంది.