జనవరి 8, సాయంత్రం 5.47: దేవయాని కేసు అక్కడే మలుపు తిరిగింది

విదేశాల్లో మన దౌత్యవేత్తల ఇళ్లలో పనిచేసేవారి జీతాల గొడవ రేగిన ప్రతిసారీ చర్చ దేవయాని ఖోబ్రగడే అరెస్టు దగ్గరికే వెళ్తుంది. పనిమనిషి వీసా కోసం జీతం గురించి తప్పుడు వివరాలిచ్చారన్న ఆరోపణపై 2013 డిసెంబరు 12న న్యూయార్క్‌లో ఈ భారత దౌత్యాధికారిని అదుపులోకి తీసుకోవడం, బట్టలు విప్పించి సోదా చేయడం, ప్రతిగా ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందు బారికేడ్లు తీసేయడం అందరికీ తెలిసినవే. కానీ కేసు మలుపు తిరిగింది ఆ రోజున కాదు. 2014 జనవరి 8 సాయంత్రం 5.47కు, ఆమె హోదా మారిన క్షణంలో.

అప్పటిదాకా ఆమె న్యూయార్క్‌లో డిప్యూటీ కాన్సుల్ జనరల్. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు కాన్సులేట్ అంటే పాస్‌పోర్టు రెన్యువల్, ఓసీఐ కార్డు గుర్తొస్తాయి. రాయబార కార్యాలయానికీ దానికీ పెద్ద తేడా ఉన్నట్టు బయటికి కనిపించదు. చట్టం దృష్టిలో మాత్రం చాలా ఉంది. రాయబార కార్యాలయంలో పనిచేసే దౌత్యాధికారికి 1961 వియన్నా ఒప్పందం వర్తిస్తుంది. దాని 29వ అధికరణం ప్రకారం ఆ అధికారిని అరెస్టు చేయడానికే వీల్లేదు. కాన్సులేట్ అధికారికి 1963 నాటి వేరే ఒప్పందం. అందులోని 43వ అధికరణం కాన్సులర్ విధుల్లో భాగంగా చేసిన పనులకే రక్షణ ఇస్తుంది. 41వ అధికరణం ప్రకారం తీవ్ర నేరమైతే, న్యాయాధికారి ఉత్తర్వు ఉంటే, అరెస్టు చేయవచ్చు. ఇంట్లో పనికి మనిషిని పెట్టుకోవడం కాన్సులర్ విధి కాదన్నది అమెరికా వాదన.

అరెస్టు తర్వాత ఢిల్లీ ఆమెను ఐక్యరాజ్యసమితిలోని భారత శాశ్వత బృందానికి బదిలీ చేసింది. జనవరి 8న అమెరికా ఆ హోదాను గుర్తించడంతో ఆమెకు పూర్తి దౌత్య రక్షణ వచ్చింది. మర్నాడు గ్రాండ్ జ్యూరీ (అభియోగాలు మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) అభియోగాలు మోపింది, ఆమె దేశం విడిచారు. ఆ వరుసే కేసును పడగొట్టింది. అభియోగాలు మోపిన రోజున ఆమెకు రక్షణ ఉంది కాబట్టి అవి చెల్లవని న్యాయమూర్తి షిరా షైండ్లిన్ మార్చి 12న కొట్టేశారు. మళ్లీ అభియోగాలు మోపడానికి అడ్డులేదని కూడా తీర్పులో ఉంది. రెండు రోజులకే, మార్చి 14న, ప్రాసిక్యూటర్లు ఆ పని చేశారు.

ఈ హోదా లెక్కల్లో అసలు లెక్క మరుగున పడింది. దౌత్యవేత్తల ఇంటి పనివారికి అమెరికా ఇచ్చేది ఏ-3 వీసా. దానికి రాతపూర్వక ఒప్పందం, అమెరికా చట్టానికి తగ్గ వేతనం చూపించాలి. ఈ కేసులో వీసా కోసం చూపిన ఒప్పందంలో గంటకు 9.75 డాలర్లు ఉంది. వారానికి 40 గంటల లెక్కన నెలకు దాదాపు 1,690 డాలర్లు. ప్రయాణానికి ముందు మరో ఒప్పందం మీద సంతకాలయ్యాయని, అందులో నెలకు 30,000 రూపాయలే ఉందని ప్రాసిక్యూటర్లు చెప్పారు. అప్పటి మారకంలో అది 573 డాలర్లు, గంటకు 3.31. ఫెడరల్ కనీస వేతనం అప్పటికి 7.25. పని గంటలు, సెలవుల ఊసు ఆ రెండో కాగితంలో లేదన్నది వాళ్ల మరో ఆరోపణ.

వీసా దరఖాస్తులో కనిపించిన నెలకు 4,500 డాలర్ల అంకె ఆమె సొంత జీతమని, దర్యాప్తు అధికారి దాన్ని పనిమనిషి జీతంగా పొరబడ్డారని ఆమె తరఫు లాయరు అన్నారు. అదే నిజమనుకుందాం. అప్పుడు 9.75 చొప్పున ఇస్తే అధికారి జీతంలో మూడో వంతుకు పైగా పనిమనిషికే పోతుంది. రూపాయల్లో ఆలోచించి మనిషిని తీసుకెళ్లమనే పద్ధతికి, డాలర్లలో గంటల చొప్పున కట్టమనే చట్టానికి మధ్య ఉన్న గొయ్యి అది. ఎవరో ఒక అధికారి అత్యాశ కథగా దీన్ని చూస్తే ఆ గొయ్యి కనపడదు.

పనిమనిషి ఇంటి నుంచి వెళ్లిపోయాక, ఆమె విదేశాల్లో కేసు వేయకుండా ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన నిషేధ ఉత్తర్వును అమెరికా పట్టించుకోలేదని, అరెస్టుకు రెండు రోజుల ముందు ఆ పనిమనిషి కుటుంబాన్ని విమానమెక్కించిందని భారత్ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరంలో పస ఉంది. జీతం ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

ఇప్పటి వివాదాలకు పనికొచ్చే అధికరణం వేరే: 1961 ఒప్పందంలోని 39(2). పదవి ముగిసి దేశం విడిచాక అధికారిక విధుల్లో చేసిన పనులకే రక్షణ మిగులుతుంది. అందువల్ల పనిమనిషి ఆగి కేసు వేస్తే మాజీ దౌత్యవేత్తకు పాత కవచం ఉండదు. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2022 జులైలో 3-2 మెజారిటీతో ఇంకో అడుగు వేసింది. ఒక సౌదీ దౌత్యవేత్త కేసులో, ఆరోపించినట్టుగా ఆధునిక బానిసత్వం స్థాయి దోపిడీ జరిగి ఉంటే, అది లాభం కోసం చేసిన వాణిజ్య వ్యవహారమే కాబట్టి పదవిలో ఉన్నవారికీ ఆ దావాలో రక్షణ ఉండదంది.

ఆస్ట్రేలియాలో మనవాళ్లకే ఇది తగిలింది. కాన్‌బెర్రాలో 2015-16లో భారత హైకమిషనర్‌గా ఉన్న అధికారి తన ఇంట్లో పనిచేసిన మహిళకు లక్షా 36 వేలకు పైగా ఆస్ట్రేలియా డాలర్లు, పైన వడ్డీ చెల్లించాలని 2023 నవంబరులో ఫెడరల్ కోర్టు ఆదేశించింది. ఆయన విచారణలో పాల్గొనలేదు. ఆమె అధికారిక పాస్‌పోర్టు మీద వెళ్లిన మనిషి కాబట్టి విదేశీ కోర్టుకు అధికారం లేదన్నది ఢిల్లీ వైఖరి. పదేళ్ల ముందు న్యూయార్క్ విషయంలోనూ దాదాపు ఇదే మాట.

దేవయాని 2020లో కంబోడియాకు రాయబారిగా వెళ్లారు. గంటకు 3.31 డాలర్లే ఇచ్చారా, 9.75 ఇచ్చారా అన్నది న్యూయార్క్ కోర్టులో విచారణ దాకా రాలేదు.