అన్నయ్య నిద్ర గురించి మామ్మ ఉత్తరం

చిట్టీ, బుజ్జీ,

మీరిద్దరూ అన్నయ్యని ‘కుంభకర్ణుడు’ అని పిలుస్తున్నారని రాయగడ నుంచి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తిన్నాక మన ఇళ్లల్లో కునుకు తియ్యనిదెవరు? కానీ వాడి మత్తు అది కాదు. వాడిలాగే నాకూ మూర్ఛ, అంటే ఫిట్స్ జబ్బు, ఉంది. ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు, చిన్నపిల్లలని.

నా పదిహేనో ఏట మొదలైంది. పొద్దున్నే లేచి టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఉలిక్కిపడి గ్లాసు ఎగిరిపోయేది. ధ్యాస ఎక్కడుందే అని అమ్మ తిట్టేది. ఆ ఏడు బరంపురంలో ఠాకురాణి యాత్ర వచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర కదా, రాత్రి ఘటాలు వీధుల్లో తిరుగుతుంటే ఇంట్లో ఎవరుంటారు? వరసగా మూడు రాత్రులు వేషాలు చూస్తూ తిరిగాను. నాలుగో రోజు తెల్లారి నూతి దగ్గర పడిపోయాను. చేతిలో తాళాలగుత్తి పెట్టారట, ఉల్లిపాయ వాసన చూపించారట. అమ్మవారికి కోపమొచ్చిందని కొందరన్నారు. డాక్టరుగారు మాత్రం ఒక్కటే అడిగారు: “ఎన్ని రాత్రులైందమ్మా నిద్రపోయి?”

మెదడులో కణాలు చిన్న చిన్న విద్యుత్తు సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఉన్నట్టుండి చాలా కణాలు ఒక్కసారే అరవడం మొదలుపెడితే ఫిట్స్ వస్తాయి. కలలు రాని నిద్రలో అవి ఒకే తాళానికి ఊగుతుంటాయి, అందుకే కొందరికి నిద్రలోనే ఫిట్స్ వస్తాయి. కలల నిద్రలో తక్కువ. నిద్ర చాలకపోతే మెదడు మరీ చిరాకుగా ఉంటుంది. నాలాంటివాళ్లకి గండం నిద్ర లేచిన కాసేపటికే. తలకి వైర్లు అంటించి తీసే ఈఈజీ పరీక్షకి ముందు రాత్రి తక్కువ పడుకోమని కొన్నిసార్లు చెప్పేది కూడా ఇందుకే. దాక్కున్న తేడా అప్పుడు బయటపడుతుంది. మనిషి మెదడు తరంగాలని మొదట 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు నమోదు చేశాడు.

నాకు ఫినోబార్బిటోన్ ఇచ్చారు. 1912 నుంచీ మూర్ఛకి వాడుతున్న పాత మందు. ఫిట్స్ తగ్గాయి గానీ, బళ్లో తల బల్ల మీద వాలిపోయేది. లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించేవారు. నిలబడి కూడా నిద్రపోయేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు ఏడుపే. విసిగిపోయి రెండు రోజులు మాత్రలు మానేశాను. మళ్లీ పడ్డాను, ఈసారి నుదుటికి కుట్లు. మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ మరింత గట్టిగా రావచ్చు. మత్తు సంగతి డాక్టరుకి చెప్పాలి. మోతాదో, వేసుకునే వేళో, మందో ఆయనే మారుస్తారు.

అన్నయ్యకి మందే కారణమో కాదో నేను చెప్పలేను. రాత్రి ఎవరికీ తెలియకుండా ఫిట్స్ వచ్చి ఉండవచ్చు. లేచాక నాలుక కొరుక్కున్నట్టుందా, ఒళ్లునొప్పులున్నాయా, పక్క తడిసిందా అని మెల్లగా అడగండి, వెక్కిరించకుండా. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే అమ్మకి చెప్పండి. అదీ నిద్రని పాడుచేస్తుంది, దానికి వైద్యం ఉంది. మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న టెన్షన్‌తో మెలకువగా పడుకోవడం కూడా ఉంటుంది. అది నాకు బాగా తెలుసు. ఇంకొకటి, కళ్లు తెరిచే ఉండి, పిలిచినా పలక్కుండా కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తే అది కునుకు కాకపోవచ్చు. అదీ ఒక రకం ఫిట్స్ కావచ్చు. తేదీ, టైమ్ కాగితం మీద రాసి పెట్టండి.

మీ ముందే పడిపోతే తాళాలూ వద్దు, ఉల్లిపాయలూ వద్దు. నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, మనిషిని పక్కకి ఒత్తిగిలేలా తిప్పి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి.

ఈసారి యాత్రకి అందరూ రండి. తొమ్మిదిన్నరకల్లా అన్నయ్యని, నన్ను ఇంటికి పంపించెయ్యాలి. మేమిద్దరం పడుకుంటాం, వేషాలు మీరు ఫోన్‌లో తీసి పొద్దున్న చూపించండి.

మీ మామ్మ