నొప్పి తగ్గాలి, కాలు కదలాలి

కర్నూలు పెద్దాసుపత్రి ఎముకల వార్డులో ఆపరేషన్ అయినవాళ్లని నొప్పి ఎలా ఉందని అడిగితే "రూపాయిలో అర్ధరూపాయి తగ్గింది సార్" అంటారు. పరిశోధనల్లో మత్తు డాక్టర్లు సున్నా నుంచి పది దాకా రాసుకునే నొప్పి స్కోరు కూడా ఇలాంటిదే. దాంతోపాటు రోగి మళ్లీ మందు అడిగేలోపు ఎన్ని గంటలు గడిచాయో లెక్కేస్తారు. కాలి ఆపరేషన్ తర్వాత నడుములో ఎపిడ్యూరల్ సూదితో ఇచ్చే నొప్పి మందుల విషయంలో ఈ గంటల లెక్కకే మనం మరీ ఎక్కువ విలువ ఇస్తున్నామని నాకనిపిస్తుంది.

నడుముకు సూది అంటే చాలామందికి తెలిసింది స్పైనల్. అందులో మందు వెన్నుపాము చుట్టూ ఉన్న నీటిలోకి ఒకేసారి వెళ్తుంది. ఎపిడ్యూరల్ సూది ఆ నీటిని కప్పిన డ్యూరా పొరకు బయటే ఆగుతుంది. అక్కడ సన్నటి గొట్టం పెట్టి రెండు మూడు రోజులు మందు ఇవ్వచ్చు.

అసలు మందు బుపివకైన్ గానీ రోపివకైన్ గానీ. ఇవి నరంలో సోడియం దారులు మూసేసి కబురు ముందుకు పోకుండా ఆపుతాయి. ఆపరేషన్ కోసం 0.5 శాతం బుపివకైన్ ఇస్తే కాలు మొద్దుబారిపోతుంది. తర్వాత దాన్నే 0.125 శాతానికి పలచన చేస్తే, నొప్పిని మోసే సన్నటి నరాలు ఆగుతాయి, కండను కదిపే లావు నరాలు చాలావరకు పనిచేస్తాయి. 0.2 శాతం రోపివకైన్‌తో గుండెకు ముప్పు కూడా కాస్త తక్కువ.

మరీ పలచనైతే నొప్పి మళ్లీ మొదలవుతుంది. అందుకే తోడు మందు కలుపుతారు. మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల ఫెంటనిల్ కలపడం మామూలు. ఇది వెన్నుపాములో నొప్పి కబురు అందే చోట పనిచేస్తుంది. రెండింటి దారులు వేరు కాబట్టి రెండూ కొంచెం కొంచెమే చాలు. ఫెంటనిల్ జాతిదే అయిన మార్ఫిన్ ఒక్క మోతాదే 24 గంటల దాకా ఉండొచ్చు. అయితే అది వెన్నునీటిలో మెల్లగా పైకి పాకి, గంటల తర్వాత ఊపిరిని మందగించే ప్రమాదం ఉంది. రాత్రంతా శ్వాస లెక్కపెట్టే నర్సు లేని వార్డులో దాని జోలికి పోకపోవడమే మేలు. దురద, వాంతులు, మూత్రం ఆగిపోవడం సరేసరి.

ఇంకో తోడు మందు డెక్స్‌మెడెటొమిడిన్‌తో దురద బెడద లేదు. ఫెంటనిల్‌తో పోల్చిన చాలా అధ్యయనాల్లో గంటల లెక్కలో గెలిచింది ఇదే. కానీ బీపీ, నాడి తగ్గిస్తుంది, కాలి మొద్దుబారుడునూ పొడిగిస్తుంది. మోకాలు మార్పిడి అయినవాళ్లను మర్నాడే నడిపించాలంటే ఆ అదనపు గంటలు లాభమా, నష్టమా?

44వ నంబరు హైవే మీద బైక్ పడి మోకాలి కింది ఎముక విరిగినవాళ్ల సంగతి ఇంకా సున్నితం. కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోతే ముందుగా తెలిపేది నొప్పే. మందు గట్టిగా పట్టిన కాలు ఆ సంగతి దాచేయచ్చు. అందుకే ఇలాంటివాళ్లకు ఎపిడ్యూరల్ పెడితే పలచటి మిశ్రమమే వాడాలి. అదిస్తున్నా నొప్పి పెరుగుతోందంటే, మోతాదు పెంచేముందు సర్జన్ వచ్చి ఆ కాలు చూడాలి.