కారు స్టీరియోలో ఇంజిన్ ఈల: అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో మైపాడు వైపు నుంచి ఒకాయన కారు తెచ్చారు. రొయ్యల చెరువులు చూసుకుంటారు, రోజూ ఉప్పుగాలిలో తిరిగే బండి. డిక్కీలో కొత్త ఆంప్ (పాటను పెద్దది చేసే ఆంప్లిఫయర్), సబ్‌వూఫర్. యాక్సిలరేటర్ తొక్కితే పాట వెనకాల సన్నగా 'కుయ్' మని ఈల, తొక్కేకొద్దీ ఇంకా పైకి పోతోంది. "స్పీకర్లు మార్చాం, వైర్లు మార్చాం, ఇప్పుడు డైనమో మార్చమంటున్నారన్నా" అన్నారు. నెల్లూరులో ఏళ్ల తరబడి కారు ఆడియో, వైరింగ్ పని చేస్తున్నాను. ఇలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: ఈల వస్తోందంటే స్పీకర్లు పోయినట్టే.

వాస్తవం: పోయిన స్పీకర్ గరగరలాడుతుంది, పాట పగిలినట్టు వినిపిస్తుంది. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల డైనమో నుంచి, అంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది. డైనమోలో పుట్టేది ఏసీ కరెంటు. లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మార్చినా కొంచెం అల మిగిలే ఉంటుంది. ఇంజిన్ వేగంగా తిరిగితే ఆ అలలూ వేగంగా వస్తాయి, ఈల స్వరం పైకి పోతుంది. పెట్రోలు బండిలో ఈలకు బదులు టిక్‌టిక్‌మని వస్తే ఇగ్నిషన్ వైపు చూడాలి.

అపోహ: అయితే డైనమో పాడైంది, మార్చేయాలి.

వాస్తవం: ఆ అల మంచి డైనమోలోనూ ఉంటుంది. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీద చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే భయం లేదు. 0.5 దాటితే డయోడ్‌ను అనుమానించాలి. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో డీసీని కూడా కలిపి పెద్ద అంకె చూపిస్తాయి, అది చూసి కంగారు పడొద్దు. మైపాడు బండిలో వచ్చింది 0.04. డైనమో నిక్షేపంగా ఉంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమోను పరీక్షించే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), స్టీరియో రెండూ కాలిపోవచ్చు.

అపోహ: ఎర్త్ ఏ బోల్టుకు బిగించినా ఎర్తే.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే ఈల కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి కారు బాడీయే. స్టీరియో ముందు డ్యాష్‌బోర్డులో, ఆంప్ వెనక డిక్కీలో. ఆంప్ ఎర్త్ సరిగ్గా అంటకపోతే ఆ రెండు చోట్లకూ మధ్య చిన్న వోల్టేజీ తేడా వస్తుంది. కాలువ పూడితే నీళ్లు పక్క మడిలోకి పొర్లినట్టు, ఆ కరెంటు కొంత ఆర్‌సీఏ వైర్, అంటే స్టీరియో నుంచి ఆంప్‌కు పాట తెచ్చే వైర్, పై లోహపు తొడుగు గుండా పారుతుంది. దాంతో పాటే డైనమో అల కూడా ఆంప్‌లోకి దూరుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటాం.

ఆ బండిలో ఎర్త్ బోల్టు ఊడదీశాను. లగ్ (వైరు కొసన ఉండే రింగు) కింద పెయింట్ చెక్కుచెదరలేదు, బోల్టు మరల్లో ఎర్రటి తుప్పు. అంటే కరెంటు మొత్తం ఆ తుప్పు మరల మీదుగానే పోతోంది. రూపాయి బిళ్లంత మేర పెయింట్ గీకి, ఇనుము తళతళలాడేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త లగ్ బిగించి, పైన గ్రీజు పూశాను. సముద్రం దగ్గర తిరిగే బండికి ఆ గ్రీజు తప్పనిసరి. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి వెళ్లే వైర్ కొస కూడా పచ్చగా చిలుము పట్టి ఉంటే శుభ్రం చేశాను. ఈల పోయింది.

ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, అరమీటరు లోపే ఉండాలి. సీటు బెల్టు బోల్టుకు మాత్రం బిగించొద్దు, అది ప్రాణం కాపాడే బోల్టు.

అపోహ: ఫిల్టరో కెపాసిటరో పెడితే సరిపోతుంది.

వాస్తవం: 1 ఫారడ్ కెపాసిటర్ బేస్ కొట్టినప్పుడు వోల్టేజీ పడకుండా చూడటానికి. ఈలకు అది మందు కాదు. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే ఫిల్టర్ ఈలను ఆపుతుంది, కానీ చవక రకాలు బేస్‌ను కూడా తినేస్తాయి. ముందు ఈల ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలి. వాల్యూమ్ సున్నాకు తగ్గించినా ఈల అంతే ఉంటే అది స్టీరియో తర్వాత, అంటే ఆర్‌సీఏ వైర్లు, ఆంప్, ఎర్త్ దగ్గర దూరుతోంది. సిస్టమ్ ఆపేసి ఆంప్ దగ్గర ఆర్‌సీఏలు తీసి మళ్లీ ఆన్ చేయండి. ఈల పోతే ఆంప్ తన మట్టుకు తాను బాగానే ఉన్నట్టు. సిస్టమ్ ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏలు పీకితే కొన్ని స్టీరియోల్లో లోపలి సన్న ఫ్యూజ్ పోతుంది, దాంతో లేని ఈల కొత్తగా మొదలవుతుంది.

అపోహ: గెయిన్ అంటే వాల్యూమే, ఎంత తిప్పితే అంత మంచిది.

వాస్తవం: గెయిన్ అంటే స్టీరియో నుంచి వచ్చే పాటకు ఆంప్‌ను సరిపెట్టే నాబ్. దాన్ని పెంచితే పాటతో పాటు ఈల కూడా పెరుగుతుంది. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, పాట పగలనంత వరకే గెయిన్ తిప్పాలి. ఆర్‌సీఏను ఒక పక్క, పవర్ వైరును ఇంకో పక్క లాగడం మంచి పద్ధతే, కానీ ఎర్త్ చెడిపోయి ఉంటే అదొక్కటే కాపాడదు.

అపోహ: ఆంప్ లేని బండిలో ఈల రాదు.

వాస్తవం: వస్తుంది. ఫోన్‌ను కారు చార్జర్‌కు పెట్టి, అదే ఫోన్ నుంచి ఆక్స్ వైరుతో పాట వింటే చార్జర్ ఎర్త్, స్టీరియో ఎర్త్ కలిసి అదే లూప్ తయారవుతుంది. వాల్యూమ్ పెంచితే ఈల కూడా పెరుగుతుంది. చార్జర్ పిన్ తీసి చూడండి. ఈల ఆగిపోతే వైరింగ్ జోలికి వెళ్లొద్దు. బ్లూటూత్‌లో పాట పెట్టుకోండి, లేదా ఫోన్‌ను పవర్ బ్యాంక్ మీద చార్జ్ చేసుకోండి.